కొత్వాలు పెట్టిన హాస్టలు

కొల్లాపూర్‌కు వాయవ్యాన, వనపర్తి దాటి పోతే రాయణిపేట. నైరుతిన కృష్ణ దాటితే అలంపూర్. ఈ రెండు చోట్ల, దాదాపు వందేళ్ల తేడాతో ఇద్దరు పోలీసు అధికారులు పుట్టారు. ఒకరు నిజాం రాజధానికి కొత్వాల్, అంటే నగర పోలీసు అధిపతి అయ్యారు. ఇంకొకరు ఐపీఎస్ చేసి, ఉద్యోగం వదిలి, ఓట్లడగడానికి కొల్లాపూర్ వీధుల దాకా వచ్చారు. దొంగల్ని పట్టుకున్నందుకో, లాఠీ ఝళిపించినందుకో కాదు వీళ్లను జనం చెప్పుకునేది. పరాయి ఊళ్లో చదువుకునే పిల్లకాయలకు ఇంత చోటు, ఇంత అన్నం చూపించినందుకు.

ఈ ఊళ్లన్నీ ఉన్న పాలమూరు సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. వానలు లేని నేల, మూటాముల్లె సర్దుకుని వలస పోయే జనం, ఊళ్లో బడి లేని కాలం. చదవాలంటే పట్నం పోవాలి. పోయినవాడు ఎక్కడ పడుకోవాలి, ఎవరింట్లో తినాలి అన్నది మొదటి ప్రశ్న. చదువు సంగతి తర్వాత.

అప్పటి పోలీసు అంటే ఏమిటో కొల్లాపూర్ నుంచే చూడొచ్చు. ఇది సురభి వంశపు సంస్థానం. ‘చంద్రికా పరిణయం’ రాసిన సురభి మాధవరాయలు ఆ వంశంవాడే. రాజధాని మొదట కృష్ణ ఒడ్డున జటప్రోలులో ఉండేది, 19వ శతాబ్దంలో కొల్లాపూర్‌కు మారింది. 1901 నాటి లెక్కల్లో 89 గ్రామాలు, 429 చదరపు మైళ్లు. రాజావారు నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టేవారు. తమ ఇలాకాలో తమ పాలన సాగించుకునేవారు.

రాజు ఎవరైనా ఊరి మట్టుకు సర్కారంటే ముగ్గురే. పన్ను వసూలుకు మాలీ పటేలు, లెక్కలకు పట్వారీ, శాంతిభద్రతలకు పోలీసు పటేలు. ఈ పోలీసు పటేలుకు ఖాకీ లేదు, పరీక్ష లేదు. తండ్రి తర్వాత కొడుకుకు వచ్చే వతను అది. ఊళ్లో చావుపుట్టుకలు రాయడం, కొత్త మనిషి కనబడితే ఠాణాకు కబురంపడం, శవం దొరికితే పంచనామాకు మనుషుల్ని కూర్చోబెట్టడం ఆయన పనులు. చేతి కింద తలారి, సేత్‌సిందీ ఉండేవారు. అమీను సాబు గస్తీకి వస్తున్నాడంటే చావడి ఊడ్చాలి, నీళ్లు మోయాలి, మంచాలు వేయాలి, కోళ్లు పట్టాలి. ఇదంతా వెట్టి. చాకిరీ చేసేదెవరో, చేయించేదెవరో ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. రాజకీయం అనే మాట పల్లెలకు రాకముందే పల్లె రాజకీయమంతా ఆ చావడిలో నడిచిపోయింది.

అలాంటి రోజుల్లో, 1869లో, వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో వెంకటరామారెడ్డి పుట్టారు. చిన్న వయసులోనే ముద్గల్‌లో అమీనుగా చేరారు. అమీనంటే ఇప్పటి ఎస్సై. ఆ మెట్టు నుంచి ఒక్కొక్కటీ ఎక్కి 1920లో హైదరాబాద్ నగర కొత్వాల్ అయ్యారు. నిజాం పాలనలో ఆ గద్దె మీద కూర్చున్న తొలి హిందువు ఆయనేనంటారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయన్ను 14 ఏళ్లు కదిలించలేదు. రాజా బహద్దూర్ బిరుదు ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ ఇచ్చింది.

హాస్టలు మాత్రం కొత్వాల్‌గిరీ కంటే రెండేళ్లు ముందే మొదలైంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడు హైదరాబాద్‌లో రెడ్డి హాస్టలు వెలిసింది. సంస్థానాధీశులనూ, దేశ్‌ముఖులనూ కదిపి వెంకటరామారెడ్డి చందాలు రాబట్టారు. అంత పెద్ద పోలీసు అధికారి అడిగితే కాదనే దొర ఎవరు? అలంపూర్ ప్రాంతం నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి హాస్టలు బాధ్యత చూశారు. అక్కడ గ్రంథాలయం పెరిగింది, తెలుగు చర్చలు పెరిగాయి. 1926లో ఆయన ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. కొత్వాల్ జీవిత చరిత్ర రాసిందీ ఆయనే.

ఇక్కడో తమాషా ఉంది. సభ పెట్టాలంటే ముందుగా ఇజాజత్ (అనుమతి) తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు వచ్చిన కాలం అది. నగరంలో ఆ హుకుం అమలు చేయాల్సిన వ్యక్తి కొత్వాల్. నిజాం మీద తిరగబడ్డవాళ్లలో ఒకరు పెరిగింది మాత్రం ఆయన పెట్టిన హాస్టల్లోనే. అక్కడుండి చదువుకున్న రావి నారాయణరెడ్డి తర్వాత తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడయ్యారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూను మించిన ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టినప్పుడూ కొత్వాల్ అండగా నిలిచారు. ఉర్దూ ఏలిన నగరంలో, ఆడపిల్లకు, అదీ తెలుగులో చదువు! ఆ మాట పైకి అనడానికే అప్పట్లో ధైర్యం కావాలి.

అయితే ఆ హాస్టలు పేరులోనే దాని గడప ఎంతవరకో తెలిసిపోతుంది. కులానికో వసతిగృహం ఆ కాలపు ఆనవాయితీ. దేశ్‌ముఖుల కొడుకులకు, పటేళ్ల కొడుకులకు పట్నంలో మంచం దొరికింది. ఆ పటేళ్ల ఇళ్లల్లో వెట్టి చేసినవాళ్ల పిల్లలకు దొరకలేదు. అదే హైదరాబాద్‌లో 1906లో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డివర్మ దళిత పిల్లల కోసం బడులు నడుపుతున్నారు. వాటి వెనక సంస్థానాల ఖజానాలు లేవు.

1948లో నిజాం రాజ్యం పోయింది. మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. సంస్థానాలూ చరిత్రలో కలిశాయి. పోలీసు పటేలు మాత్రం ఇంకో 35 ఏళ్లు కదల్లేదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. తరతరాల వతను ఒక్క ఆర్డినెన్సుతో పోయింది.

అప్పటికి అలంపూర్‌లో ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పదహారేళ్ల కుర్రవాడు. 1967లో పుట్టిన ఆయన పశువైద్యం చదివి, 1995లో ఐపీఎస్‌కు ఎంపికయ్యారు. జిల్లా ఎస్పీగా పనిచేశారు, హార్వర్డ్‌లో చదువుకొచ్చారు. 2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా వెళ్లారు. పోలీసులకు అది ప్రాధాన్యం లేని కుర్చీ. ఆయన దాన్నే పట్టుకుని తొమ్మిదేళ్లు కూర్చున్నారు.

గురుకుల పిల్లలను భువనగిరి గుట్ట ఎక్కించారు. రాతి మీద వేళ్లు పట్టుకోవడం అక్కడ నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల. వయసు ఇంకా పద్నాలుగు నిండలేదు. తెలంగాణ వచ్చాక గురుకులాలు 268కి పెరిగాయి. కొత్వాల్ హాస్టల్లో చోటు దొరకని ఇళ్ల పిల్లలకు, దొరల చందాలతో కాదు, సర్కారు ఖజానాతో నడిచిన చోటు ఇది.

2021 జులైలో ఆయన స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. ఆగస్టు 8న నల్లగొండలో బహుజన సమాజ్ పార్టీలో చేరారు. 2023లో సిర్పూర్ నుంచి అసెంబ్లీకి పోటీ చేసి ఓడారు. 2024 మార్చిలో భారత రాష్ట్ర సమితికి మారి నాగర్‌కర్నూల్ పార్లమెంటు బరిలో దిగారు. కొల్లాపూర్, వనపర్తి, గద్వాల, అలంపూర్ అన్నీ ఆ నియోజకవర్గంలోవే. పాత సంస్థానాల నేల మీద సొంత ఊరివాడు ఓట్లడిగాడు. ఫలితం వచ్చేసరికి కాంగ్రెస్ అభ్యర్థి మల్లు రవి గెలిచారు, భాజపా రెండో స్థానంలో నిలిచింది, ప్రవీణ్‌కుమార్ మూడో స్థానానికి పరిమితమయ్యారు. కొత్వాల్‌కు ఈ పరీక్ష రాలేదు. ఆయన కాలంలో ప్రభువును ఒప్పిస్తే చాలు.

వెంకటరామారెడ్డి 1953లో కన్నుమూశారు. నారాయణగూడలో ఒక మహిళా కళాశాలకు ఆయన పేరుంది. హిమాయత్‌సాగర్ దగ్గరి తెలంగాణ పోలీసు అకాడమీకీ ఆయన పేరే. కొల్లాపూర్ నుంచి ఎస్సైగా ఎంపికైన పిల్లవాడు రాజా బహద్దూర్ పేరున్న గేటులోంచే పెట్టె మోసుకుని శిక్షణకు పోతాడు. గురుకులంలో చదివినవాడైతే ఇనుప మంచం, గంట కొడితే లేవడం అతనికి కొత్తేమీ కాదు.