అంచుమీది సంఖ్య

బెంగుళూరు అలసూరు ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పూర్వులు సాపర్ల పటాలమున కొలువు చేసినవారు పెక్కురు కలరు. మా ముత్తాతగారును అట్టివారే. ఆ పటాలము వారికి సైన్యమంతటను ‘తంబీలు’ అని ముద్దుపేరు. తెలుగువారును తంబీలే యైరి! 1917 ఫిబ్రవరి 23వ తేదీన మెసపొటేమియాలో షుమ్రాను వద్ద, తుపాకిగుండ్లు కురియుచుండగా టైగ్రిసు నదిని దాటించిన పడవలకు తెడ్లు వేసినవారిలో ఈ తంబీలు కలరు. మార్చి 11వ తేదీన బాగ్దాదు వశమయ్యెను.

ఆ దండయాత్రనుండి తిరిగివచ్చిన ముత్తాతగారికి రెండు పతకములు లభించినవి. ఒకటి వెండిది, రెండవది కంచు విజయపతకము. వెండిది 1943లో ఇంటిలో నొక పెండ్లికై తాకట్టుపడి, మరల విడిపింపబడలేదు. కంచును కుదువ పట్టుకొనువాడెవడు? కావున నది మిగిలినది.

పోయినదానిని వెదకబూనినపుడు మేము తెలిసికొన్న దేమనగా, పతకమునకు ముఖముకంటె అంచు ముఖ్యము. ముఖములన్నియు నొక్కతీరుననే యుండును. అంచుపై మాత్రము సంఖ్య, హోదా, పేరు, పటాలము ఆంగ్లాక్షరములతో నొత్తబడియుండును. మనవారి కిచట రెండు చిక్కులు కలవు. అంచుపై ‘మద్రాసు’ అను మాటకై వెదకిన కానరాదు. ఆ యుద్ధకాలమున ఆ పటాలము పేరు విక్టోరియా రాణిగారి ‘రెండవ సాపర్లు, మైనర్లు’. ఇక రెండవది ఇంటిపేరు. మా కాగితములలో గుమాస్తా దానిని వ్రాయనే లేదు. ఒట్టి పేరుతో చూడబోయిన, ఒక్క పటాలముననే అట్టివారెందరో!

రెండేండ్ల క్రిందట, పాతనాణెములు విక్రయించు నొక వర్తకునియొద్ద ముత్తాతగారి పేరుగల వెండిపతకము కనబడెను. పటాలమును అదియే. ఇంటికి తెచ్చి చూపగా మా పెద్దమ్మగారు కన్నుల కద్దుకొనిరి. పిమ్మట డిశ్చార్జి కాగితము తీసి సరిచూచితిమి. సంఖ్యలో కడపటి రెండంకెలు వేరు.

పేరొకటే గదా, మనదే యనుకొందమని కొందఱనిరి. పెద్దమ్మగారు చాలసేపు మాటాడలేదు. తుదకు, ‘ఆ బిడ్డ తల్లి యెవరో’ అని దానిని మా చేతికిచ్చివేసిరి. మరల వర్తకునికిచ్చుటకు మనసొప్పలేదు. 1979-80లో వెండిధర విపరీతముగా పెరిగినపుడు ఇట్టి పతకములెన్నో మూసలో కరగిపోయినవి. వెల చెల్లించి ఉంచుకొంటిమి.

ఇప్పుడు మా పెట్టెలో కంచుది మాది, వెండిది మరియొకరిది. వేర్వేరు సంచులలో నుంచినారము. వేంకటస్వామి యను పూర్వుడు ఈ పటాలమున పనిచేసెనని చెప్పు కుటుంబమువారు సంఖ్యగల కాగితముతో వచ్చినచో వెండిదానిని వారి చేతనుంచెదము. మాది ఇంకను దొరకలేదు. మీ యిండ్ల పాతపెట్టెలలో అట్టి వెండిబిళ్ళ యున్నచో, ఒక్కసారి భూతద్దముతో అంచు చూడగోరుచున్నాము.