గోడకు వేలాడే ఏడాది

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే కిరాణా కొట్లో ఒక కొత్త బేరం మొదలవుతుంది. సరుకులు సంచిలో పడ్డాక, డబ్బులు చేతులు మారాక, "క్యాలెండర్ లేదా అన్నా?" అన్న ప్రశ్న పడుతుంది. కొట్టాయన మనిషిని బట్టి కౌంటరు కింద చెయ్యి పెడతాడు. నెలనెలా ఖాతా ఉన్నవాళ్లకు పన్నెండు కాగితాలది, అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్లకు ఒంటి కాగితానిది. రబ్బరు బ్యాండు వేసిన ఆ చుట్ట ఇంటికి చేరి, పాతది దిగి, అదే మేకుకు కొత్తది ఎక్కేదాకా చాలా తెలుగిళ్లలో జనవరి వచ్చినట్టు కాదు.

పైన దేవుడి బొమ్మ. కింద కొట్టు పేరు, ఫోన్ నంబరు. ఆ కింద తేదీల గళ్లు. ఒక్కో గడిలో చీమతలకాయంత అక్షరాల్లో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. బొమ్మ, కొట్టు పేరు, తేదీలు, పంచాంగం: ఒకే కాగితం మీద ఇంత సఖ్యంగా కూర్చున్న ఈ నాలుగూ ఒక్కచోట పుట్టినవి కావు, ఒక్కసారిగా కలిసినవీ కావు.

అన్నిటికంటే పాతది పంచాంగం. ఉగాది నాడు గుళ్లోనో, రచ్చబండ దగ్గరో పంతులుగారు చదివితే వినడమే తప్ప ఒకప్పుడు అది ఇంటింటా ఉండే వస్తువు కాదు. పెళ్లికి ముహూర్తం కావాలన్నా, ప్రయాణానికి మంచిరోజు చూసుకోవాలన్నా పురోహితుడి ఇంటి అరుగెక్కాల్సిందే. అచ్చుయంత్రం వచ్చాక పంచాంగం చిన్న పుస్తకమైంది. పిడపర్తివారిది, తంగిరాలవారిది అంటూ ఇంటిపేర్లతోనే చలామణీ అయింది. అయినా దాన్ని చదవడం అందరికీ వచ్చే విద్య కాదు. సూర్యోదయం మొదలు రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. గోడ గడియారం చూసి రైలెక్కే మనిషికి ఈ లెక్క కొరుకుడు పడదు. అందుకే అట్ట మీద 'గంటల పంచాంగం' అని ప్రత్యేకంగా వేసుకున్న పుస్తకాలు బయల్దేరాయి. తిథి ఎన్నిగంటలకు పోతుందో నేరుగా చెప్పడం మొదలయ్యాక, దాన్ని తేదీ గడిలోకి ఎక్కించడం సులువైంది.

సులువంటే మరీ అంత సులువేం కాదు. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఎప్పుడూ ఒకే వేగంతో సాగదు గనుక ఒక తిథి 19 గంటలకే అయిపోతుంది, ఇంకొకటి 26 గంటల దాకా సాగుతుంది. అర్ధరాత్రి పన్నెండింటికి ఠంచనుగా మారే తేదీ గడిలో ఈ ఇష్టారాజ్యపు తిథిని కూర్చోబెట్టాలి. తెల్లారి సూర్యుడు వచ్చేసరికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ తిథి అని సాధారణ సూత్రం. పండగల దగ్గరికొస్తే అదీ చాలదు. 2023లో చవితి సెప్టెంబరు 18 మధ్యాహ్నం మొదలై 19 మధ్యాహ్నం దాకా ఉంది. వినాయక చవితి మధ్యాహ్నం చవితి ఉన్న రోజునా, సూర్యోదయానికి చవితి ఉన్న రోజునా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇళ్లూ మండపాలూ కొన్నాళ్లు ఇదే వాదన పెట్టుకున్నాయి. ఒక క్యాలెండర్‌లో 18 ఎరుపెక్కితే, పక్కింటి క్యాలెండర్‌లో 19 ఎరుపెక్కింది. ఆకాశంలో కనిపించేదాన్ని బట్టి లెక్కకట్టే దృక్సిద్ధాంతం, పాత గ్రంథాల సూత్రాలనే పట్టుకునే పూర్వ పద్ధతి అని గణించేవాళ్లలో రెండు పాయలుండటం ఇలాంటి తగాదాలకు మరింత ఆజ్యం పోస్తుంది.

సూర్యోదయం అన్నప్పుడు ఎవరి సూర్యోదయం అన్న చిక్కు కూడా ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలాన్ని అమల్లోకి తెచ్చింది. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత మన కాకినాడ దగ్గరగా పోతుంది. అంటే దేశమంతా చేతికి కట్టుకు తిరిగేది ఇంచుమించు కాకినాడ టైమే. హైదరాబాదు అక్కడికి దాదాపు నాలుగు డిగ్రీలు పడమర కాబట్టి అక్కడ సూర్యుడు ఓ పావుగంట ఆలస్యంగా కనిపిస్తాడు. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకైతే ఇక్కడి క్యాలెండర్ పట్టుకెళ్లి గోడకు తగిలిస్తే కుదరదు. అక్కడి సూర్యోదయాన్ని బట్టి లెక్క కడితే పండగ ఒక్కోసారి మన తేదీకి ముందురోజే వచ్చేస్తుంది. అందుకే అక్కడి గుళ్లు తమ ఊళ్ల కాలమానం ప్రకారం విడిగా క్యాలెండర్లు వేయించుకుంటాయి.

తేదీల్లో కూడా తెలుగునేల అంతా ఎప్పుడూ ఒక్కమాట మీద లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో కచేరీలు జనవరి, ఫిబ్రవరి అంటుంటే, నిజాం రాజ్యంలో దస్తావేజులు ఫసలీ అనే పంటల సంవత్సరంలో నడిచాయి. అక్కడ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. నెలల పేర్లు ఆజూర్, దై, బహ్మన్ అంటూ పారశీకంలో ఉండేవి. ఆంధ్ర వైపు రెవెన్యూ లెక్కల్లోనూ ఫసలీ ఉంది గానీ అది జూలై 1 నుంచి జూన్ 30 దాకా. 2023 జూలైలో మొదలైంది ఫసలీ 1433. ఇవి చాలవన్నట్టు ఇంట్లో ఆడవాళ్లకు చైత్రం నుంచి ఫాల్గుణం దాకా ఇంకో ఏడాది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ గందరగోళాన్ని సర్దుదామని కేంద్రం 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఒక సంఘం వేసింది. దేశంలో 30 దాకా క్యాలెండర్లు వాడుకలో ఉన్నాయని ఆ సంఘం తేల్చింది. దాని సిఫారసు మీద 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరం ఆధారంగా జాతీయ క్యాలెండర్ వచ్చింది. సాహా అంతటి ఖగోళ భౌతిక శాస్త్రవేత్త తయారుచేసిన పద్ధతి, లెక్కలో వంక పెట్టడానికి లేదు. గెజిట్ మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ఇళ్లలో మాత్రం దాన్ని పట్టించుకున్నవాళ్లు అరుదు. ప్రభుత్వం ఒక్కటి చేద్దామనుకున్నదాన్ని కిరాణా కొట్టు క్యాలెండర్ అన్నీ ఒక్కచోట అచ్చేసి పరిష్కరించింది. నిజానికి జనానికి కావలసింది అదే.

ఇక పైనున్న బొమ్మ. దాని కథ బవేరియాలో మొదలవుతుంది. 1796లో అలోయిస్ సెనెఫెల్డర్ అనే ఆయన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీసి అచ్చు తీసే పద్ధతి కనిపెట్టాడు. జిడ్డుకూ నీళ్లకూ పడదన్న ఒక్క సూత్రమే దానికి మూలం. రాయి తడిపితే గీత లేనిచోట నీళ్లు నిలుస్తాయి, గీత ఉన్నచోట సిరా పట్టుకుంటుంది. రంగుల బొమ్మ కావాలంటే రంగుకో రాయి. ఒక్కో రంగు అద్దాక కాగితాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ అదే చోట పరచాలి. కాస్త జరిగితే లక్ష్మీదేవి పెదాల ఎరుపు గడ్డం మీదికి దిగుతుంది.

ఈ పద్ధతిలో అచ్చయిన దేవుళ్లు మనకు జర్మనీ నుంచి కూడా దిగుమతయ్యేవాళ్లు. రాజా రవివర్మ తైలవర్ణ చిత్రాలకు సంస్థానాల్లో గిరాకీ పెరిగి అడిగినవాళ్లందరికీ గీసివ్వడం కుదరనప్పుడు, వాటిని అచ్చు తీయించి జనానికి అందించమని సలహా ఇచ్చింది దివాన్ టి. మాధవరావు. రవివర్మ 1894లో బొంబాయిలో సొంతంగా ప్రెస్సు పెట్టి, జర్మనీ నుంచి యంత్రాలూ నిపుణులనూ తెప్పించాడు. తర్వాత లోనావాలా దగ్గరి మళవలీకి మార్చాడు. వ్యాపారం అచ్చిరాలేదు. చివరికి తన దగ్గర పనిచేసిన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కే అమ్మేశాడు. ప్రెస్సు చేతులు మారింది గానీ, తామరపువ్వులో నిలబడ్డ లక్ష్మి, వీణ పట్టుకున్న సరస్వతి దేశమంతా పాకిపోయారు. అప్పటిదాకా గుళ్లో ఆమడ దూరం నుంచి చూసిన దేవుళ్లు వంటింటి పక్క గోడ మీదికి వచ్చారు. ఏ గుడి గడపా తొక్కనివ్వని కులాలవాళ్ల ఇళ్లలోకి కూడా వచ్చారు. రవివర్మ బొమ్మల మీద కళావిమర్శకులు ఎన్ని మాటలన్నా, ఈ ఒక్క సంగతి చిన్నది కాదు.

బొమ్మకు వ్యాపారం తగులుకోవడానికి ఆట్టే కాలం పట్టలేదు. మాంచెస్టర్ మిల్లులు తమ బట్టల తానుల మీద అప్పటికే మన దేవుళ్ల లేబుళ్లు అంటించి అమ్ముతున్నాయి. దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని ఎవరూ చించి పారేయరని సబ్బుల కంపెనీలకూ, మందుల కంపెనీలకూ అర్థమైంది. దానికింద తేదీలు కూడా వేస్తే ఏడాది పొడుగునా తమ పేరు గోడ మీద ఉంటుంది.

ఈ లెక్కను పూర్తిగా ఒంటబట్టించుకున్న ఊరు తమిళనాడులోని శివకాశి. 1920ల తొలినాళ్లలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. శివకాశిలో వానలు తక్కువ, గాలిలో తేమ తక్కువ. అగ్గిపుల్లలకు ఆ వాతావరణం కలిసొచ్చింది. అగ్గిపెట్టెకు లేబులు కావాలి, టపాకాయకు కవరు కావాలి, వాటికోసం ప్రెస్సులు వచ్చాయి. ప్రెస్సులు ఖాళీగా ఉండకూడదని క్యాలెండర్లు వచ్చాయి. దగ్గర్లోని కోవిల్‌పట్టిలో సి. కొండయ్య రాజు అనే చిత్రకారుడు శిష్యులతో కలిసి బొమ్మలు గీసేవాడు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివి, కొన్నాళ్లు రమణ మహర్షి ఆశ్రమంలో గడిపి, తర్వాత నాటక కంపెనీకి తెరలు రాసిన మనిషి. క్యాలెండర్ దేవుళ్లు వెనక పూలతోటతో, మీద దీపాల వెలుగు పడినట్టు నిగనిగలాడుతూ ఎదురుగా నిలబడి మనల్నే చూస్తుంటారంటే, అందులో ఆ నాటకం తెరల ప్రభావం ఉంది.

శివకాశిలో కొత్త ఏడాది పని ఆగస్టులోనే, ఆడి పెరుక్కు అనే తమిళుల పండగ నాడు మొదలవుతుంది. నమూనాల ఆల్బమ్ ఆ రోజు బయటికొస్తుంది. ఏజెంట్లు దాన్ని చంకన పెట్టుకుని మన బట్టల కొట్లకూ, ఎరువుల దుకాణాలకూ, చిట్ ఫండ్ ఆఫీసులకూ తిరుగుతారు. "ఈసారి వెంకన్న వద్దు, సాయిబాబా వెయ్యండి" అని కొట్లవాళ్లు ఆర్డరు రాయిస్తారు. బొమ్మ, తేదీలు సిద్ధం. కొట్టు పేరొక్కటే కింద అచ్చవ్వాలి. పైనా కిందా రేకు పట్టీ నొక్కి, కొక్కెం తగిలిస్తే సరుకు తయారు.

తేదీల్లో ఆదివారం ఎర్రగా ఉండటం వెనక కూడా ఒక పోరాటం ఉంది. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికో సెలవు కావాలని నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి ఆందోళన చేస్తే 1890లో ఆదివారం సెలవు దక్కింది.

ఇదంతా అచ్చయి వచ్చిన కథ. ఇంటికొచ్చాక అదే కాగితం మీద ఇంకో రాత మొదలవుతుంది. పాలు రాని రోజున అడ్డగీత, పనమ్మాయి నాగా పెట్టిన రోజున సున్న, గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కన 'గ్యా'. చీటీ కట్టాల్సిన రోజు, తిరుపతి రిజర్వేషన్, మనవడికి టీకా, చాకలికి వేసిన బట్టల లెక్క. మేకుకు దారంతో కట్టిన పెన్సిలు ముక్క ఉండనే ఉంటుంది. ఏ డైరీ ముట్టని ఇల్లాలు కూడా ఏడాది పొడుగునా రాసే పుస్తకం ఇదొక్కటే. మగవాళ్లు నెల మారినా కాగితం తిప్పరన్న నింద మాత్రం ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది.

ఏడాది అయిపోయాక దాని బతుకు ముగియదు. దళసరి నున్నటి కాగితం పిల్లల పుస్తకాలకు అట్టలవుతుంది. తెల్లవైపు పైకి రావాలి, పేరు రాసుకోవాలి కదా. దేవుడి బొమ్మ బాగుంటే కత్తిరించి ఫ్రేము కట్టిస్తారు. చిరిగిపోతే చెత్తలో వేయడానికి చేతులు రాక గుళ్లో రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తారు.

2020 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇకమీదట ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు క్యాలెండర్లు, డైరీలు అచ్చు వేయించొద్దని, కావాలంటే డిజిటల్‌గా చేసుకోమని ఆదేశించింది. తిథి, వర్జ్యం, రాహుకాలం ఇప్పుడు ఫోన్లో వేలికొన దూరంలో ఉన్నాయి. తేదీ కోసం, తిథి కోసం అయితే గోడ క్యాలెండర్ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ పాలు ఎన్నిరోజులు రాలేదో నాయనమ్మ, కోడలు, మనవరాలు ముగ్గురూ ఒకేచోట చూసుకునే సౌకర్యం ఫోన్లో కుదరలేదు. ఎవరి ఫోను వాళ్లదే.

ఈ డిసెంబరులో కొత్తది ఇంటికొచ్చాక గోడకు తగిలించే ముందు రెండు పనులు చేయండి. తిథులు ఏ ఊరి సూర్యోదయాన్ని బట్టి, ఏ సిద్ధాంతం ప్రకారం వేశారో కొన్నిటిలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూసుకోండి. పక్కింటివాళ్లతో పండగ తగాదా సగం తగ్గుతుంది. పాతదాన్ని అట్టలకు ఇచ్చేముందు గళ్లలో రాసినవి ఒకసారి తిరగేసి, గ్యాస్ మార్చిన ఆఖరి తేదీ, చీటీ లెక్క, పిల్లల టీకాల తేదీలు కొత్తదాంట్లోకి ఎక్కించుకోండి.