ఇచెన్ లోయలో ఒక దినము

చరిత్ర గ్రంథములు సంధులకును యుద్ధములకును ఇచ్చిన చోటు స్నేహితుల విహారములకు ఈయవు. అయినను 1910 జూన్ 9వ తేదీన ఇంగ్లండు దక్షిణ భాగమున ఇద్దరు రాజనీతిజ్ఞులు పక్షుల పాటలు వినుచు గడిపిన దినము స్మరింపదగినది. వారిలో ఒకరు అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్. రెండవవారు బ్రిటిషు విదేశాంగ మంత్రి సర్ ఎడ్వర్డ్ గ్రే.

రూజ్‌వెల్ట్ బాల్యమునుండి పక్షులయందు మక్కువ గలవాడు. అధ్యక్షుడుగా నున్నపుడు 1903లో ఫ్లోరిడాలోని పెలికన్ ద్వీపమును పక్షులకు రక్షిత స్థానముగా ప్రకటించెను. పదవి వీడునాటికి అట్టి స్థానములు 51 ఏర్పడినవి. ఆంగ్లకవులు వర్ణించిన పక్షుల పేర్లు ఆయనకు సుపరిచితములే కాని, వాని గొంతులు పరిచితములు కావు. ప్రబంధములలో కోకిలను గూర్చి చదివి, మామిడితోపులో దాని కూత విననివాని కొరత వంటిది ఆయన కొరత. అందుచేత 1909లో ఆఫ్రికా యాత్రకు బయలుదేరక మునుపే, తాను ఇంగ్లండు వచ్చినపుడు పక్షుల పాటలు తెలిసినవారొకరు తనతో నడువవలెనని బ్రిటిషు రాయబారి జేమ్స్ బ్రైస్‌కు తెలియజేసెను. ఆ కోరిక గ్రేకు చేరగా, ఆయన దానిని మరియొకరికి అప్పగింపక తానే చేపట్టెను.

1910 మే నెలలో ఏడవ ఎడ్వర్డు రాజు అంత్యక్రియలకు రూజ్‌వెల్ట్ అమెరికా ప్రతినిధిగా వచ్చెను. ఆ రాచసందడి ముగిసిన పిమ్మట మిత్రులిరువురును పత్రికలవారి కంట పడక ఇచెన్ నదీలోయ చేరిరి. ఒకచోట కాలిబాటను నీరు ముంచియుండెను. ఇరువురును వెనుదిరుగక ఆ నీటిలోనే నడచిపోయిరి. అనంతరము న్యూ ఫారెస్ట్ అడవి చొచ్చి, ఆ రాత్రి ఒక సత్రమున విడిసిరి. మరునాడు రూజ్‌వెల్ట్ స్వదేశమునకు ఓడ నెక్కెను.

మగపక్షి తన తావును కాపాడుకొనుటకును, ఆడపక్షిని పిలుచుటకును పాడును. పిల్లలు పుట్టి మేత తెచ్చు పని పెరిగిన కొలది పాట సన్నగిల్లును. కావున జూన్ మాసమున, వసంతము కడపట, పాటల ఉధృతి తగ్గియుండెను. అయినను వారు సుమారు 40 జాతులను చూచిరి. 20కి పైగా జాతుల పాటలు వినిరి. బ్లాక్‌బర్డ్ పాట రూజ్‌వెల్ట్‌ను మిక్కిలి ఆకర్షించెను. పిడికెడైన లేని గోల్డ్‌క్రెస్ట్ అను పిట్ట పాడగా, అట్టి పాటయే తమ దేశమునను కలదని ఆయన వెంటనే గుర్తించెను. ఒకసారి చెప్పిన పాటను మరల పోల్చుకొనగల ఆయన చెవి పదునునకు గ్రే అబ్బురపడెను.

ఆ చెవులకు వేరొక విలువయు కలదు. ముష్టియుద్ధమున తగిలిన దెబ్బచే రూజ్‌వెల్ట్ ఎడమకన్ను అంతకుముందే చూపు కోల్పోయియుండెను. ప్రపంచయుద్ధ కాలమున గ్రే దృష్టియు మందగించెను. 1916లో ఆయన పదవి వీడెను. రూజ్‌వెల్ట్ 1919 జనవరి 6వ తేదీన మరణించెను. ఆ సంవత్సరము డిసెంబరులో గ్రే అమెరికా వెళ్లి, రూజ్‌వెల్ట్ చదివిన హార్వర్డు విద్యాలయముననే ఆ విహారకథను విద్యార్థులకు వినిపించెను. 1927లో, అక్షరములు చదువుటకే కష్టమైన కాలమున, పక్షులను గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. అందు అధిక భాగము చెవితో ఎరిగిన పక్షులను గూర్చినదే. ఆక్స్‌ఫర్డులోని పక్షిశాస్త్ర పరిశోధనాలయము నేటికిని ఆయన పేరనే వెలయుచున్నది.