వంతు కొఱకు నిరీక్షణము

మొన్నటి రాత్రి గవర్నరుపేటలోని మా యింట మా మనుమడు కంప్యూటరు ముందు చేతులు కట్టుకొని కూర్చుండెను. ఆట యాడుచున్నావా యని యడిగితిని. "లేదు తాతయ్యా, లోపలికి పోవడానికి క్యూలో ఉన్నాను" అనెను. ముందున్నవారి సంఖ్య తగ్గుచు వచ్చెను. గంట గడచిన పిమ్మట లైను తెగినదని తెరపై సూచన కనబడెను. వాడు మరల తుదిని నిలువవలసి వచ్చెను. వాని ముఖము చూచి నేను నవ్వలేకపోతిని.

నాకును అట్టి యనుభవ మొకటి కలదు. చందాదారుడు తానే దూరపు టెలిఫోను చేసికొను పద్ధతి మన దేశమున 1960లో కాన్పూరు, లక్నోల నడుమ మొదలయ్యెను. అది ఊరూర వ్యాపించుటకు చాల యేండ్లు పట్టెను. నేను ఉపాధ్యాయవృత్తిలో చేరిన క్రొత్తలో, తండ్రిగారికి జబ్బుగా నున్నదని విని, పరస్థలమునుండి బెజవాడకు ట్రంకుకాలు కోరి మధ్యాహ్నమంతయు వేచితిని. తుదకు లైను దొరకెను. "హలో" అనునంతలో తెగెను. మరల క్రొత్తగా నమోదు చేయింపుమనిరి. ఆలస్యమునకు సిద్ధపడియే యుంటిని గాని, వేచిన కాలము లెక్కకు రాకపోవుట సహింపలేకపోతిని.

ఈ చిక్కును గణితముతో మొదట విచారించినవారిలో నొకడు డెన్మార్కు దేశీయుడగు ఎర్లాంగు. కోపెన్‌హేగను టెలిఫోను కంపెనీలో పనిచేయుచు, పిలుపుల రాకను సంభావ్యతా గణితముచే అంచనా వేయవచ్చునని 1909లో నిరూపించెను. ఇన్ని తీగలున్నచో ఎందఱికి లైను దొరకదో తెలుపు సూత్రమును 1917లో ప్రకటించెను. అయితే పిలుపులు ఒకదానితో నొకటి సంబంధము లేక వచ్చునప్పుడే ఆ లెక్క నిలుచును. అందఱును ఒకే ముహూర్తమునకు వచ్చినచో ఏమగునో, 2016 పుష్కరములలో కృష్ణా ఘట్టములను చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆటలకును అట్టి ముహూర్తములు కలవు. 2021 డిసెంబరులో జపాను దేశపు స్క్వేర్ ఎనిక్స్ సంస్థ "ఫైనల్ ఫాంటసీ 14" అను ఆటకు "ఎండ్‌వాకర్" అను క్రొత్త భాగమును విడుదల చేసెను. ఆటగాండ్రు గంటలకొలది ద్వారముకడ నిలిచిరి. ఒక్కొక్క మండలమున వేచువారు 17,000 మించినచో, 2002 అను దోషసంఖ్య చూపి యంత్రము తిప్పి పంపెను. వరుసలో నున్నవారికిని లైను సన్నగిల్లినచో అదే సంఖ్య కనబడెను. నిర్మాత యోషిదా క్షమాపణ కోరి, కారణములను అంకెలతో వివరించెను. చిప్పుల కొఱతచే క్రొత్త యంత్రములు సకాలమున దొరకలేదనెను. చందాదారులకు మొదట 7 దినములు, పిదప మఱి 14 దినములు ఉచితముగ ఇచ్చిరి. అంతేకాదు, ఆ నెలలోనే ఆట యమ్మకమును నిలిపివేసి, 2022 జనవరి 25న గాని మరల తెఱవలేదు. వచ్చిన గిరాకిని వలదన్న వర్తకులు అరుదు.

మన డెల్టాకు ఈ ధర్మము క్రొత్త గాదు. 1855లో ఆనకట్ట ముగిసెను; 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. ఐనను నీరు చాలని యేట కాలువలకు వంతులు తప్పవు. తన వంతు ఏనాడో తెలిసిన శివారు రైతు నారుమడి కాచుకొని యోర్చును. ఆనాడు కాలువ కట్టివేసిరని విన్నచో గట్టెక్కి కేకవేయును. కావున ఇట్టి ద్వారములను నిర్మించువారు, లైను తెగినవాని స్థానమును కొంతసేపైనను నిలిపియుంచుట న్యాయము.

ఆ రాత్రి వాడు మరల వరుసలో నిలిచెను. నేనును కుర్చీ లాగికొని ప్రక్కన కూర్చుంటిని.