హెన్స్‌లో అయ్యగారు – ఆయన శిష్యుడు

డార్విన్ పేరు వినగానే మన సంఘపు పెద్దలలో కొందరికి నేటికీ మనసు చివుక్కుమంటుంది. ఆయనకు చెట్టూ చేమా పరిశీలించుట నేర్పినవారు ఒక సంఘగురువని మాత్రం చాలమందికి తెలియదు. కాలేజీలలో చదువుతున్న మన పిల్లల నిమిత్తం ఆ చరిత్ర వ్రాయుచున్నాను.

రెవరెండ్ జాన్ స్టీవెన్స్ హెన్స్‌లో 1825లో కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్ర ఆచార్యులయ్యారు. డార్విన్ అక్కడికి 1828లో వచ్చినది గురువృత్తికి కావలసిన పట్టా కొరకే. ఎడింబరోలో వైద్యవిద్య అతనికి రుచించలేదు. హెన్స్‌లో ఉపన్యాసములను మాత్రం వరుసగా మూడు సంవత్సరములు విన్నాడు. ఆ తరగతిలో విద్యార్థులే పువ్వులను విప్పి పరీక్షించాలి. తరువాత కాలినడకన, బండ్లమీద, పడవలమీద చిత్తడి నేలలకు ప్రయాణం. దారిలో కనిపించిన ప్రతి మొక్క దగ్గర ఆగి ఆయన చెప్పేవారు. డార్విన్ ఎంతగా వెంట తిరిగాడంటే, 'హెన్స్‌లోతో నడిచేవాడు' అని అతనికి పేరు పడింది.

హెన్స్‌లో పద్ధతి గమనించదగినది. ఒకే జాతి మొక్కలను, పొట్టివీ పొడుగువీ, ఒకే కాగితంపై ప్రక్కప్రక్కన అతికించి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో వ్రాసి ఉంచేవారు. ఒక జాతిలో భేదము ఎంతవరకు పోగలదు? అదే ఆయన ప్రశ్న. జాతులు మారవనియే ఆయన నమ్మకం. అయినను ఆ హద్దును ఊహతో గాక, కొలిచి తెలిసికొనవలెనన్నారు.

1831 ఆగస్టు 24న బీగిల్ ఓడ ప్రయాణమును గూర్చి శిష్యునికి ఉత్తరం వ్రాసినది ఆయనే. ఆ అవకాశం వచ్చినప్పుడు తానే వెళ్ళవలెనని మొదట తలచారు గాని, భార్య ముఖం చూచి మానుకున్నారట! 1835లో గాలపాగస్ దీవులలో డార్విన్ పిచ్చుకల వంటి పక్షులను ఏ దీవివి ఆ దీవిగా సరిగా గుర్తించి పెట్టలేదు. మొక్కలను మాత్రం దీవులవారీగా పెట్టాడు. గురువు నేర్పిన అలవాటు కాక మరేమిటి? పిమ్మట హుకర్ అనే శాస్త్రవేత్త వాటిని పరీక్షించి, అనేక జాతులు ఒక్కొక్క దీవికే పరిమితమని చూపించాడు. ఈ హుకర్ 1851లో హెన్స్‌లోకు అల్లుడయ్యాడు.

హెన్స్‌లో 1837లో హిచమ్ అను పల్లెటూరి విచారణకు గురువుగా నియమింపబడ్డారు. బీదలైన ఆ పల్లె పిల్లలకు బడి పెట్టి, వృక్షశాస్త్రం నేర్పారు. కష్టమైన శాస్త్రపదములను తప్పులేకుండా వ్రాయగలిగితేనే ఆ తరగతిలో ప్రవేశం!

1859లో శిష్యుని గ్రంథం వెలువడింది. దానిలోని వాదమును గురువు పూర్తిగా అంగీకరించలేదు. మరుసటి సంవత్సరం జూన్ 30న ఆక్స్‌ఫర్డ్‌లో దానిపై బిషప్ విల్బర్‌ఫోర్స్‌కు, హక్స్‌లీకి పేరుపొందిన వివాదం జరిగిన సభకు అధ్యక్షత వహించినది హెన్స్‌లోయే. 1861 మే నెలలో ఆయన ప్రభువునందు నిద్రించువరకు గురుశిష్యుల స్నేహం చెడలేదు.