కోస్తా ఆంధ్రలో తుపానులు – ఉప్పెన ముప్పు

బంగాళాఖాతంలో ఏర్పడే తుపానులు ఆంధ్రప్రదేశ్ తీరాన్ని ముఖ్యంగా మే నెలలోను, అక్టోబరు నుండి డిసెంబరు వరకును తాకుచున్నవి. అట్లాంటిక్ మహాసముద్రంలో ఇటువంటి వాటినే హరికేన్లు అందురు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరినపుడు వాయుగుండాన్ని తుపానుగా పరిగణిస్తారు.

గాలి కంటె ఉప్పెన వల్లనే ప్రాణనష్టం అధికం. 1977 నవంబరు 19న దివిసీమపై సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున విరుచుకుపడగా దాదాపు 10,000 మంది మరణించారు. 1990 మే 9న మరో పెనుతుపాను కృష్ణా డెల్టాను తాకినప్పటికీ, లోతట్టు గ్రామాల ప్రజలను ముందుగా తరలించినందున మృతుల సంఖ్య వేయి దాటలేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినను, ముందస్తు హెచ్చరికలు, తరలింపుల ఫలితంగా రాష్ట్రంలో మృతులు వందలోపే.

తుపాను కేంద్రం తమ ప్రాంతం మీదుగా సాగునపుడు గాలి కొంతసేపు నిలిచిపోతుంది. ప్రమాదం తొలగినదని భావించి ప్రజలు ఆశ్రయం వీడరాదు. కొద్దిసేపటికే వ్యతిరేక దిశ నుండి గాలి అంతే తీవ్రతతో మరల వీస్తుంది.