ఇంటిపేరు తేలని రాక్షసిబల్లి

కొత్తవాళ్లెవరైనా పరిచయమైతే మనం ముందుగా అడిగేది "మీ ఇంటిపేరేమిటండీ?" అని. ఆ తరవాత ఏ ఊరు, ఎవరి తాలూకు, ఫలానావారు మీకేమవుతారు అంటూ నాలుగు ప్రశ్నల్లో ఆ మనిషిని ఏదో ఒక వంశవృక్షం మీద కూర్చోబెడితే గాని మనకు తోచదు. చచ్చి 8 కోట్ల 80 లక్షల ఏళ్లు దాటిన జంతువు విషయంలో శాస్త్రజ్ఞులకూ ఇదే తాపత్రయమంటే నవ్వొస్తుంది. కాని 1979లో నామకరణం జరిగినా ఈనాటికీ ఇంటిపేరు తేలని జంతువొకటుంది. దాని పేరు ద్రవిడోసారస్. పేరు పెట్టిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదులో భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన పి. యాదగిరిగారు. అందుకే ఈ తగవు నాకు పరాయి తగవులా అనిపించదు.

మేముండేది మౌలాలిలో. గుట్టమీద దర్గా, గుట్టకింద మహలకాబాయి చందా సమాధి, ఆ పక్కన రైళ్ల కూతలు. ఈ గుట్ట రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. "అంత పాతదైతే తవ్వితే రాక్షసిబల్లి దొరకదా అమ్మా?" అని మా అబ్బాయి చిన్నప్పుడు అడిగేవాడు. దొరకదు. ఇది భూమి లోపల కరిగిన పదార్థం చల్లారి గట్టిపడ్డ గ్రానైటు. ఎముక అనేది భూమ్మీద పుట్టడానికి దాదాపు 200 కోట్ల ఏళ్ల ముందే ఈ రాయి పుట్టి కూర్చుంది. ఎముకలు నిలవాలంటే నది ఒండ్రో, సముద్రపు బురదో వాటిని మెత్తగా కప్పిపెట్టాలి. రాయికి వయసుంటే చాలదు, దాచుకునే గుణమూ ఉండాలి.

ఆ గుణమున్న నేల గోదావరి లోయ. కాజీపేట లైనుమీద మౌలాలి దాటిపోయే బొగ్గు వాగన్లను చూసినప్పుడల్లా నాకు ఆ లోయే గుర్తొస్తుంది. సింగరేణి బొగ్గుపొరలకు పైన, వాటికన్నా చిన్న వయసు రాళ్లున్నాయి. ప్రాణహిత ఒడ్డున సిరోంచ దగ్గరున్న కోట అనే ఊరి పేరుమీద వాటిని కోట శిలలంటారు. సుమారు 18, 19 కోట్ల ఏళ్లనాటివి. వాటిలో చేపల శిలాజాలున్న సంగతి 19వ శతాబ్దం మధ్యలోనే బయటపడింది. 1958 తరవాత కలకత్తా గణాంక సంస్థవారు పోచంపల్లి అనే ఊరి దగ్గర (చీరల పోచంపల్లి కాదు లెండి) ఒక భారీ శాకాహారి ఎముకలు తవ్వితీశారు. బండెడు తొడ ఎముక చూసి 'బారాపాసారస్' అనీ, రవీంద్రుని శతజయంతి రోజులు కాబట్టి 'టాగోరై' అనీ 1975లో పేరు పెట్టారు. బారా పా, అంటే పెద్దకాలు. పెట్టిన నలుగురిలో శంకర్ ఛటర్జీ ఒకరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు.

యాదగిరిగారు ఆ లోయనే యామనపల్లి ప్రాంతంలో గాలించి 840 ఎముకలు పోగుచేశారు. కనీసం 12 జంతువులవి. 1988లో దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక పల్లెటూరి పేరు ప్రపంచంలోని రాక్షసిబల్లుల పుస్తకాలన్నిటికీ ఎక్కింది. నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్సు సెంటర్లో నిలబెట్టిన 9 మీటర్ల అస్థిపంజరం అదే. ఏనుగంతటి జంతువుల పనిలో ఉంటూనే ఆయన ఎలుకంత ప్రాణుల పళ్లు కూడా ఏరారు. 1985లో ఒకదానికి 'త్రిశూలథీరియం' అని పేరుపెట్టారు. గ్రీకు, లాటిన్ల గుంపులో ఒక త్రిశూలం! ఈ పేరు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇక అసలు కథ. తమిళనాడులో అరియలూరు చుట్టుపక్కల నేలంతా ఒకప్పటి సముద్రగర్భం. ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి అక్కడినుంచే వెళుతుంది. ఆ రాళ్లలో గవ్వలు, చుట్టలు తిరిగిన అమ్మొనైట్లు విస్తారం. మన పూజాగదుల్లో సాలగ్రామాల లోపలుండే చక్రం ఆ అమ్మొనైట్ల జాతిదే. అలాంటి కడలిరాళ్లలో యాదగిరి, అయ్యస్వామి గార్లకు దొరికినవి సుమారు 20 సెంటీమీటర్ల పుర్రె భాగం, ఒక పన్ను, కటి ఎముకలు, కొన్ని పలకలు, ఒక ముల్లు. ఇవి స్టెగోసారస్ కుటుంబానికి చెందిన జంతువువని వారు ప్రకటించారు. వీపుమీద రెండు వరసల పలకలు, తోకకు ముళ్లు, అంత ఒంటికి చిన్న తలకాయ ఉండే ఆ శాకాహారిని పిల్లల బొమ్మల పుస్తకాల్లో మీరందరూ చూసే ఉంటారు. ద్రవిడదేశం పేర ద్రవిడోసారస్, ఆ రోజుల భూగర్భ సర్వేలో పేరుపొందిన బ్లాన్‌ఫర్డ్ దొరగారి జ్ఞాపకార్థం 'బ్లాన్‌ఫర్డి'. నమూనా సంఖ్య జి.ఎస్.ఐ. ఎస్.ఆర్. పాల్ 1. ఎస్.ఆర్. అంటే దక్షిణ విభాగం. ఆ విభాగం కార్యాలయం మాకు మరీ దూరం కాదు, ఉప్పల్ దాటి నాగోలు అవతల బండ్లగూడలోనే.

దీనికంత విశేషం ఎందుకంటే, స్టెగోసారస్ వంశం మహావైభవం వెలగబెట్టింది 15 కోట్ల ఏళ్లనాడు. తక్కిన దేశాల్లో వాటి జాడలు ఎప్పుడో ఆగిపోయాయి. ద్రవిడోసారస్ ఆ వంశానిదే అయితే, మిగతా ప్రపంచంలో దీపమారిపోయాక రెండు కోట్ల ఏళ్లపాటు మన గడ్డమీద ఆ దీపం వెలుగుతూనే ఉందన్నమాట. ఇందులో నమ్మరానిదేమీ లేదు. మన నేల అప్పుడు ఆఫ్రికాకు దూరమై, మడగాస్కర్ నుంచి కూడా విడిపోతూ ఉత్తరానికి సాగుతున్న ఒంటరి ద్వీపం. బయట పాతబడిన ఆచారాలు మారుమూల అగ్రహారంలో నిలిచినట్టు, దీవిలో ఒక పాత వంశం నిలిచి ఉండవచ్చు. 1981లో స్టెగోసారస్‌ల విషయంలో మహా నిపుణుడైన పీటర్ గాల్టన్ కూడా ఔనన్నారు.

పదేళ్లయ్యాక, 1991లో శంకర్ ఛటర్జీగారొచ్చారు. అప్పటికాయన అమెరికాలో, టెక్సాస్‌లో ఆచార్యులు. ఆ స్థలానికి వెళ్లి చూశాననీ, అక్కడ కనిపించినవన్నీ ప్లీసియోసారస్ ఎముకలేననీ అన్నారు. అది రాక్షసిబల్లి కానే కాదు. పొడుగుమెడ, తెడ్లలాంటి నాలుగు రెక్కలతో సముద్రంలో ఈదుతూ చేపలు తినే వేరే జాతి. ద్రవిడోసారస్‌వని చెప్పిన కటి, కాలి ఎముకలు కూడా ఎండకూ వానకూ అరిగిపోయిన ప్లీసియోసారస్ ఎముకలేనన్నారు. శాకాహారి కాస్తా మత్స్యాహారి అయిపోయింది! ఆ మాట అప్పటినుంచి పుస్తకాలకెక్కింది. ద్రవిడోసారస్ అనగానే "ఓ, అదా, ప్లీసియోసారస్ కదూ" అని తేల్చేయడం చాలామందికి అలవాటైంది.

ఆయన వాదంలో బలం లేకపోలేదు. దొరికింది సముద్రపు రాయిలో. నేలమీది జంతువు కళేబరం వరదలో కొట్టుకొచ్చి సముద్రంలో మునగడం ఉన్నదే గాని, కడలిలో దొరికినదాన్ని ముందు కడలి జంతువనుకోవడం ఇంగితం. పైగా ఎముకలు బాగా పాడైనవి. అయితే తమాషా ఏమిటంటే, అదే 1991లో ఛటర్జీగారు టెక్సాస్‌లో దొరికిన ఎముకలను 'ప్రొటోఏవిస్' అనే ఆదిమ పక్షివని వర్ణిస్తే, అవి వేర్వేరు జంతువుల ఎముకల కలగాపులగమని చాలామంది ఆయనమీదే పడ్డారు. ఎముకల తీర్పులు ఎంత కష్టమో ఆయనకు తెలియకపోదు.

2004లో గాల్టన్, అప్‌చర్చ్ అనే ఇద్దరు మళ్లీ నోరు విప్పారు. పుర్రె, పలకలు మాత్రం ప్లీసియోసారస్‌వి కావు, ఎవరైనా ఆ ఎముకలను మొదటినుంచీ వర్ణించి రాయాలి అన్నారు. చరిత్ర చదువుకున్నదాన్ని గనక నాకో అలవాటుంది. ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబితే, ఇద్దరూ చూసింది ఒకే వస్తువేనా అని ముందు చూస్తాను. ఇక్కడ ఒకరు మాట్లాడేది నడుము గురించి, మరొకరు తల గురించి. నడుము ఒకరిదీ, తల ఇంకొకరిదీ ఎందుకు కాకూడదు?

అలా జరిగిన దాఖలా మన దేశంలోనే ఉంది. జబల్పూరులో మాట్లీ దొర 1923లో లమేటాసారస్ అనే కవచధారిని వర్ణించాడు. తరవాత పరిశీలిస్తే కటి, కాలి ఎముకలు మాంసాహారివి, కవచపు ముక్కలు ఇంకో జంతువువి అని తేలింది. పులి నడుముకు మొసలి తోలు తొడిగినట్టయింది. కవచంతో చిక్కే అది. పలకలు పుట్టేది చర్మంలో, వెన్నెముకకు అతుక్కుని ఉండవు. జంతువు చచ్చి చర్మం కుళ్లగానే, తెగిన దండలోంచి పూసలు రాలినట్టు రాలి నీళ్ల పాలవుతాయి. ఏ పూస ఏ దండదో చెప్పడానికి దారం మిగలదు. మొసళ్లకూ అలాంటి పలకలుంటాయి, పొడుగుమెడ రాక్షసిబల్లుల్లో కొన్నిటికీ ఉంటాయి.

మన కోట శిలలకూ ఈ తంటా తప్పలేదు. అక్కడ కవచమున్న రాక్షసిబల్లి పలకలు దొరికాయని 2002లో నాథ్, యాదగిరి, మోయిత్రా గార్లు ప్రకటించారు. 2019లో గాల్టన్ వాటిని పరిశీలించి, స్టెగోసారస్‌కు దాయాదులైన ఆంకిలోసారస్ కుటుంబానివి, ప్రపంచంలో అన్నిటికన్నా పాతవి అన్నారు. ఈ ఆంకిలోసారస్‌లంటే తాబేలులా ఒళ్లంతా డాలు కప్పుకున్న శాకాహారులు. ఆ తరవాత 2021లో మొరాకో నుంచి 'స్పికోమెల్లస్' వచ్చింది. ముళ్లు నేరుగా అతుక్కుపోయిన పక్కటెముక అది, సుమారు 16 కోట్ల 50 లక్షల ఏళ్లనాటిది. దాన్ని వర్ణించినవారు అన్నిటికన్నా పాత ఆంకిలోసారస్ ఇదే అన్నారు. కోట పలకలు అంతకన్నా రెండు కోట్ల ఏళ్లు పాతవి. అంటే వాటి బంధుత్వాన్ని వీరు ఒప్పుకోలేదన్నమాటే. 2025లో స్పికోమెల్లస్‌వి మరిన్ని ఎముకలు దొరికాయి, దాని పరపతి ఇంకా పెరిగింది. విడి పలకలకూ, ముల్లుతో సహా అతుక్కున్న పక్కటెముకకూ మధ్య పందెం పెడితే ఎవరైనా పక్కటెముక వైపే ఉంటారు, అందులో వారి తప్పులేదు. కాని మన పలకల కోసం యామనపల్లి వైపు మళ్లీ పార పట్టుకు వెళ్లడమొక్కటే దీనికి జవాబు. వాదించి లాభం లేదు.

ఆలస్యం మనకే సొంతమనుకోకండి. ఇంగ్లండులో చార్మత్ సముద్రతీరాన స్కెలిడోసారస్ అనే కవచపు రాక్షసిబల్లి, ఇంచుమించు పూర్తి అస్థిపంజరంతో సహా, 1858 ప్రాంతాల్లో దొరికింది. ఓవెన్ అనే మహానుభావుడు ఏదో నాలుగు ముక్కలు రాసి వదిలేశాడు. దాని ఒంట్లో ప్రతి ఎముకనూ వర్ణించి, అది ఆంకిలోసారస్‌ల వైపు బంధువని డేవిడ్ నార్మన్ రాసి ముగించేసరికి 2021 వచ్చింది. అంటే 160 ఏళ్లకు పైన. ఆ లెక్కన పాల్ 1కి ఇంకా బోలెడు వ్యవధి ఉంది. అయితే స్కెలిడోసారస్ లండన్ మ్యూజియంలో ఎవరు ఎప్పుడు వెళ్లినా చూసేటట్టు భద్రంగా ఉంది కాబట్టి ఆ పని సాగింది. మన పుర్రెనూ, మన పలకలనూ ఇప్పటి స్కానింగు యంత్రాల కింద పెట్టి, తలను తలగా, నడుమును నడుముగా విడివిడిగా వర్ణించే ఓపిక ఉన్న అమ్మాయో అబ్బాయో రావాలి. ఉస్మానియా నుంచి వచ్చినా సరే, ఉప్పల్ రోడ్డులోని భూభౌతిక పరిశోధన సంస్థ నుంచి వచ్చినా సరే. వాళ్లు స్టెగోసారస్ అన్నా, ప్లీసియోసారస్ అన్నా, రెండూ కలిసిన మూట అన్నా నాకు పేచీ లేదు.